విస్కీసోడా, వాఙ్మయము

పొడవైన గ్లాసున మంచుముక్కలు నింపి, ఒక వంతు విస్కీకి మూడు వంతుల సోడా చేర్చి, బుడగలు చెదరకుండ ఒక్కమారు మాత్రము కలిపి యిచ్చు పానీయమును పాశ్చాత్యులు హైబాల్ అందురు. హైదరుగూడ బారులలో పెగ్గుమీద సోడా పోయించుకొనువారికి మాత్రమది విస్కీసోడాయే. పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఫిలాక్సెరా యను పురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటలను పాడుచేయగా బ్రాందీ కరవై, దొరల బంగళాలలో బ్రాందీసోడా పీఠమును విస్కీసోడా ఆక్రమించినది.

ఆంగ్ల కథకులకది గొప్ప యుపకరణము. మామ్ మలయా కథలలో వరండా, చీకటి, చేతిలో గ్లాసు సమకూడినగాని తోటదొర గుట్టు విప్పడు; వుడ్‌హౌసు కథలలో జీవ్స్ ఆ గ్లాసును పళ్ళెరమున తెచ్చినగాని బెర్టీ వూస్టరు ప్రాణము కుదుటపడదు. మన వాఙ్మయమునకో, మత్తు తెలిసినంతగా పానము తెలియదు. 1953 నాటి దేవదాసు మొదలు మన తెరపై గ్లాసు పట్టినవాడు భగ్నప్రేమికుడో దుష్టుడో కావలసినదే. మితముగ త్రాగి, నాలుగు మాటలాడి, ఇంటికి పోయి నిద్రించు గుమాస్తాకు కథలలోను చోటు అరుదు. కన్యాశుల్కములోని సారాదుకాణము దీనికి అపవాదము: బైరాగి త్రాగుచు వేదాంతము పలుకుచుండ, గురజాడ దండింపక వినుచున్నాడు.

ఈ కాఠిన్యమునకు కారణము లేకపోలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుచున్న స్త్రీలు వాచకములోని సారా కథ చదివి దుకాణము మూయించిరి. ఆ యుద్యమము వ్యాపించి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారా నిషిద్ధమాయెను. మగని కూలి దుకాణము పాలై పిల్లలు పస్తులుండు పల్లెలను చూచిన రచయిత గ్లాసును అందముగ వర్ణింప వెనుదీయుట సహజమే, గౌరవింపదగినదే.

అయినను హైదరాబాదువారికి ఉర్దూ యను వేరొక త్రోవ కలదు. స్వచ్ఛమైన మధువున పన్నీరు కలుపుకొనుట తన యలవాటని గాలిబు ఒక పారసీ పద్యమున చెప్పుకొన్నాడు. హైబాలుకు ఇంతకంటె సరసుడైన పూర్వజుడు దొరకునా? ఆ కవిని దాశరథి 1961లో గాలిబ్ గీతాలుగ తెనిగించి, చిత్రమేమన, తెరమీది దేవదాసగు అక్కినేనికే అంకితమిచ్చెను. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున కూర్చుండి ఆ గీతములు చదివి, సాయంకాలము నారాయణగూడలో సోడాబుడగలు చూచుచు కూర్చున్న ఆ గుమాస్తా కథను వ్రాయువారెవరేని యున్నచో మాకు పంపుదురుగాక. నీతివాక్యము తగిలింపకయే అచ్చువేయుదుము.