మావోరీ బైబిలును మృతసముద్రపు తోలుచుట్టయు

న్యూజీలాండ్‌లో పాతనిబంధనమును హీబ్రూ మూలమునుండి మావోరీ భాషలోనికి తెచ్చుచుండిన రాబర్ట్ మౌన్సెల్ పాదిరి, 1843లో ఇల్లు దగ్ధమై వ్రాతప్రతులు బూడిదయైనను, మరల పూనుకొనిన ఫలముగ 1868లో సంపూర్ణ మావోరీ బైబిలు వెలువడెను. ఆ మూలమునకు నేడు దక్కిన సంపూర్ణ ప్రతులలో ప్రాచీనతమమైనది క్రీ.శ. 1008 నాటిది, 1947లో మృతసముద్రపు చెంతనున్న కుమ్రాను గుహలో గొఱ్ఱెలకాపరులకు దొరకిన, ఏడు మీటర్లకు మించిన యెషయా గ్రంథపు చుట్టయో, అంతకు ఇంచుమించు వేయేండ్లు పెద్దది. దాని నలుబదియవ అధ్యాయమున తొలి లేఖకుడు విడిచిన వాక్యమును వేరొక చేయి పంక్తుల సందునను, అంచున నిలువుగను ఇరికించినది. మన తాళపత్రములందలి హంసపాదము వంటిదే! అక్షరమైనను మారలేదని చాటు భక్తులును, అంతయు కల్పితమని త్రోసివేయు సంశయాత్ములును ఆ అంచునే చూడవలెను. మావోరీ బైబిలును ఇకముందు పరిష్కరించువారు ఇట్టి పాఠభేదములను అధస్సూచికలలో నిస్సంకోచముగ చూపుటయే ఉచితమని నా మతము.