మూగజీవి కూడా ఒక అమానతే

మా పాఠశాలలో చదివే ఒక బాలిక తండ్రి ఇటీవల జుమా నమాజు అనంతరం మమ్మల్ని కలిశారు. ఆయన ముఖంలో కోపమూ బాధా రెండూ కనిపించాయి. రంజాన్ రోజాలు పూర్తిచేస్తే పిల్లిపిల్లను తెచ్చిస్తానని కూతురికి మాట ఇచ్చారట. దుకాణంలో వేలకు వేలు పోసి కొనేకంటే, వీధుల్లో గాయపడ్డ, తల్లిని కోల్పోయిన పిల్లులను కాపాడే సంస్థ నుంచి తెచ్చుకోవడం మేలని ఎవరో చెబితే అక్కడికి వెళ్లారు.

"మౌల్వీ సాబ్, పిల్లిపిల్ల కోసం పోతే పిల్లనిచ్చేవాళ్లు అడిగినట్టు అడిగారు. సొంతిల్లా, అద్దె ఇల్లా? ఇంటాయన ఒప్పుకున్నాడా? బాల్కనీకి వల ఉందా? మీరు ఊరికిపోతే ఎవరు చూస్తారు? ఇల్లు చూడటానికి కూడా వస్తారట! మన పేరు చూసే ఇట్లా అడిగారేమో" అన్నారు.

ఆ చివరి మాట మా మనసును కలచివేసింది. పేరు చెప్పగానే అద్దెకు ఇల్లు దొరకని అనుభవం మనలో చాలామందికి ఉంది. ఆ గాయమే ఆయన చేత ఆ మాట అనిపించింది. మరుసటి ఆదివారం మేము కూడా ఆయన వెంట వెళ్లాము. అక్కడ ఉన్నది అచ్చు వేసిన ఒకే ఫారం. మాకంటే ముందు వచ్చిన ఒక హిందూ దంపతులు అవే ప్రశ్నలకు జవాబులిస్తున్నారు. వారి కిటికీలకు వల లేదని తెలిసి, వల కట్టించి మళ్లీ రండని పంపేశారు కూడా. మా మిత్రుడు మౌనం వహించారు. అనుమానాలకు దూరంగా ఉండమని, కొన్ని అనుమానాలు పాపమని దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా మనల్ని హెచ్చరిస్తున్నది కదా!

ఇంతకూ ఆ ప్రశ్నలు ఎందుకు? పిల్లిపిల్ల ముద్దుగా ఉన్నన్నాళ్లు ఇల్లంతా దాని చుట్టూ తిరుగుతుంది. అది పెరిగి పెద్దదై పరదాలు చింపినప్పుడో, ఇల్లు మారవలసి వచ్చినప్పుడో గోనెసంచిలో వేసి చేపల బజారు దగ్గర వదిలేసి వచ్చేవారు ఉన్నారు. ఇంటి గిన్నెలో తిని పెరిగిన పిల్లికి వీధిలో బతకడం తెలియదు. కుక్కల నోటికో, వాహనాల కిందికో పోతుంది. పెంచిన జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా సరైన కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం.

చట్టానికి ఎన్నో శతాబ్దాల ముందే మనకు హెచ్చరిక అందింది. ఒక స్త్రీ పిల్లిని బంధించి, తాను తిండి పెట్టక, నేలమీద పురుగూ పుట్రా తిని బతికేందుకు వదలక చంపినందుకు నరకాగ్నికి గురైందని దైవప్రవక్త (స) తెలియజేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. ఒక జీవిని మన తలుపుల వెనుక పెట్టుకున్న క్షణం నుంచి దాని ఆకలిదప్పులకు మనమే బాధ్యులమని దీని వల్ల తెలుస్తున్నది. సంస్థవారి ఫారం అడిగేది కూడా ఇదే.

పిల్లి అపవిత్రమని వెనుకాడేవారు హజ్రత్ అబూ ఖతాదా (రజి) సంఘటన గుర్తు చేసుకోవాలి. కోడలు వుజూ కోసం పెట్టిన నీళ్ల దగ్గరికి పిల్లి వస్తే, అది తాగేందుకు ఆయన పాత్రను వంచారు. కోడలు ఆశ్చర్యపోయి చూస్తుంటే, పిల్లి అపవిత్రం కాదని, అది మీ మధ్య తిరుగాడే జీవమని దైవప్రవక్త (స) అన్నారని వివరించారు. అబూ దావూద్, తిర్మిజీలలో ఇది ఉంది. అయితే దాని మలమూత్రాలు అపవిత్రమే. కనుక వాటి కోసం ఇసుక తొట్టిని జానమాజ్ పరిచే చోటికి దూరంగా ఉంచాలి. పిల్లి ఎదురొస్తే అపశకునమనే నమ్మకానికి మాత్రం ఇస్లాంలో తావు లేదు.

పిల్లి అమ్మకపు సొమ్మును వారించే హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. హనఫీలతో సహా ఎక్కువమంది ఉలమాలు అమ్మకాన్ని ధర్మసమ్మతమనే అన్నారు. కానీ, వెల పెట్టి కొనకుండా ఆపదలో ఉన్న జీవికి ఆశ్రయం ఇవ్వడంలో ఈ సందేహానికే చోటు లేదు. టీకాలకు, ఆపరేషన్‌కు అయిన ఖర్చు ఇవ్వమంటే అది పిల్లి వెల కాదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆ ఆపరేషన్ గురించి చాలామంది అడుగుతున్నారు. ప్రయోజనం ఉంటే జంతువులకు అది చేయించవచ్చని హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలు అంటున్నాయి. పిల్లి రెండు నెలల గర్భంతోనే ఈని, ఏడాదికి ఒకటికంటే ఎక్కువసార్లు పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలన్నిటికీ ఇళ్లు ఎక్కడివి? ఇంకా సందేహం ఉన్నవారు తమ ముఫ్తీ సాహెబును అడిగి తెలుసుకోవాలి.

మన ఇళ్లలో మాంసానికి కొదవ ఉండదు కాబట్టి పిల్లికి తిండి సమస్య కాదనుకుంటాము. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషంతో సమానం. సాలన్ ముక్క, బిర్యానీ మెతుకు పెట్టకూడదు. ఉడికించిన ఎముకలు పెచ్చులుగా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించి ఎముకలు, ముళ్లు తీసిన కోడిమాంసం, చేప కొంత మంచివే గాని, రోజూ అవే చాలవు. దానికి కావలసిన పోషకాలన్నీ ఉన్న ఆహారం గురించి పశువైద్యుణ్ణి అడగాలి. ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు సరిపడవు, విరేచనాలు అవుతాయి. టీకాలు తప్పనిసరి, ముఖ్యంగా రేబిస్ టీకా. ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని వెళ్లగొట్టనవసరం లేదు. ఇసుక తొట్టిని మరొకరు ప్రతిరోజూ శుభ్రం చేస్తే చాలు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి. ఇంట్లో భద్రంగా పెరిగిన పిల్లి పన్నెండు, పదిహేను ఏళ్లు బతకవచ్చు. నేడు ముచ్చటపడి అడిగిన పదేళ్ల బాలిక అత్తవారింటికి వెళ్లేనాటికి కూడా అది మీ ఇంట్లోనే ఉండవచ్చు. అప్పుడు దానికి గిన్నె పెట్టేది అమ్మీ, అబ్బాలే. కనుక బిడ్డ కోరిందని కాక, ఇంటిల్లిపాదీ కూర్చుని మష్వరా చేసుకున్నాకే తెచ్చుకోవాలి. సాకలేని పరిస్థితి వస్తే వీధిలో వదలక, తీసుకున్నవారికే తిరిగి అప్పగించాలి.

మా మిత్రుడు బాల్కనీకి వల కట్టించారు. ఇంటి యజమాని ఒప్పుకుంటున్నట్టు రాయించుకున్నారు. పిల్లిపిల్లకు బదులు, ఎన్నాళ్లుగానో ఎవరూ అడగని ఒక ఎదిగిన నల్లపిల్లిని కూతురే ఎంచుకుందట. మొదటి నాలుగు రోజులు అది మంచం కింది నుంచి బయటికి రాలేదు. ఐదో రోజు సహరీ వేళ అమ్మీ వంటింట్లో ఉండగా తానే వచ్చి గడప దగ్గర కూర్చుంది. ఆ ఇంట్లో అది ఇప్పుడు ఆరో ప్రాణి.

పెంచే వీలు లేనివారు బాధపడనవసరం లేదు. ఎండాకాలంలో గుమ్మం ముందు గిన్నెడు నీళ్లు పెట్టినా పుణ్యమే. దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు తాపినందుకు ఒక పాపాత్మురాలిని అల్లాహ్ క్షమించిన వైనం మనకు తెలిసిందే. కాని ఒకసారి ఇంట్లోకి తెచ్చుకున్నాక మాత్రం అది అమానతు. రేపు ప్రళయ దినాన దాని గురించి కూడా మనం జవాబు చెప్పుకోవాలి. నోరులేని జీవుల పట్ల కరుణతో మెలిగే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.