స్టేషనుల మధ్య దూరము

ధర్మవరము నుండి కదిరి వైపు పోవు బండిలో ముదిగుబ్బకు చేరు ప్రయాణికునకు ఇరుప్రక్కల వేరుసెనగ చేలు, రాతిగుట్టలు, ఎండిన వంకలు కనబడును. ఒక స్టేషను దాటిన పిదప మరియొకటి వచ్చుటకు చాలసేపు పట్టును. అతడే హైదరాబాదులో ఎం.ఎం.టి.ఎస్. బండి ఎక్కినచో విద్యానగరము, జామియా ఉస్మానియా, ఆర్ట్సు కాలేజి, సీతాఫల్‌మండి స్టేషనులు కిలోమీటరుకు కాస్త అటునిటుగా వరుసగా తగులును. ఇది నగరవాసులయెడ పక్షపాతమా? లేక దీనికొక లెక్క కలదా?

లెక్క కలదు, అది బడిపిల్లలకును అందునట్టిదే. రెండు స్టేషనుల నడుమ 4 కిలోమీటర్లున్నవనుకొందము. సరిగా మధ్యనున్న మనిషి బండి ఎక్కుటకు 2 కిలోమీటర్లు, అనగా ఇంచుమించు అరగంట, నడువవలెను. నడుమ మరి మూడు స్టేషనులు కట్టినచో ఆ నడక అరకిలోమీటరునకు, ఏడెనిమిది నిమిషములకు తగ్గును. ఒక్కొక్క చోట ఆగుటకు 2 నిమిషములు పట్టినను, నష్టము 6 నిమిషములే. పట్టాలవెంట ఇండ్లు, కాలేజీలు, కచేరీలు క్రిక్కిరిసియున్నచోట ఈ బేరము లాభసాటి. నగరమున స్టేషనుల దూరమును నిర్ణయించునది మనిషి అడుగు.

యంత్రమునకును ఇందు పాత్ర కలదు. ఆవిరి యింజను బరువైన బండిని లాగుచు మెల్లగా వేగమందుకొనును. దానిని మాటిమాటికి ఆపుట బొగ్గునకు, కాలమునకు చేటు. విద్యుద్బండిలో మోటార్లు పలుపెట్టెల క్రింద అమర్చియుండుటచే అది త్వరగా కదలి, త్వరగా ఆగగలదు. 1931లో మద్రాసు బీచి–తాంబరముల నడుమ విద్యుద్బండ్లు నడచుటకును, 2003లో హైదరాబాదున ఎం.ఎం.టి.ఎస్. ఆరంభమగుటకును ఇదియే ఆధారము. 2024 మార్చిలో ఘట్‌కేసరు–లింగంపల్లి బండి మొదలగుటతో ఆ సేవ మరికొంత విస్తరించినది. అయితే స్టేషనులు దగ్గరగా నుండుట మాత్రమే చాలదు. బండ్లును దగ్గరదగ్గరగా రావలెను. గంటసేపు బండి రాని వేదిక ఇంటిముందున్నను ప్రయోజనమేమి?

ముదిగుబ్బ మార్గము పుట్టుక వేరు. 1876–78 నాటి ధాత కరువు పిదప, ధాన్యము కరువుసీమలకు త్వరగా చేరుటకై రైలుమార్గములు పెంపవలెనని 1880 నాటి క్షామ విచారణ సంఘము సూచించినది. అటుపిమ్మట, ఆ శతాబ్దము ముగియకముందే, ధర్మవరము–పాకాల మీటరుగేజి మార్గము వెలసినది. అట్టి ఒంటిపట్టాల మార్గమున ఎదురుబండ్లు తప్పుకొనుచోటు, యింజనుకు నీరు దొరకుచోటు, సరకు చేరుచోటు ముఖ్యములు. మనిషి అడుగు అచ్చట కొలబద్ద కాలేదు. నేడు మార్గము బ్రాడ్‌గేజి అయినది. ఆవిరి యింజను పోయినది. స్టేషనుల దూరము మాత్రము చాలవరకు పాతదే. పట్టాలు పొలిమేరలోనే సాగుచున్నను, బండి ఎక్కుటకు ఆటోలో పోవలసిన పల్లెలు ఇట్టి మార్గములందు కలవు.

ప్రతి పల్లెకు స్టేషను కట్టుమనుట న్యాయము కాదు. దూరప్రయాణికుని కాలమును విలువైనదే. కాని హాల్టునకు సిగ్నళ్లు, అదనపు పట్టాలు అక్కరలేదు. ఒక వేదిక, టిక్కెట్లమ్ము ఏజెంటు ఉన్న చాలును. ఎక్స్‌ప్రెస్సులను పోనిచ్చి, ఉదయమొకటి, సాయంకాలమొకటి పాసెంజరు బండ్లు అచ్చట ఆగినచో, కాలేజీకి పోవు విద్యార్థికి, ఆసుపత్రికి పోవు వృద్ధునకు దారి దొరకును.

చిక్కు లెక్కలోనే ఉన్నది. టిక్కెట్లు కొన్నవారి సంఖ్య రైల్వే పుస్తకములందు ఉండును. వేదిక లేక బండి ఎక్కజాలనివారి సంఖ్య ఏ పుస్తకమందును ఉండదు. రాబడి చాలదని హాల్టు నిరాకరించుటకు ముందు ఈ రెండవ లెక్కయు తేలవలెను. ఏ పల్లెనుండి ఎందరు, ఎంతదూరము, ఎందుకొరకు నిత్యము పోవుచున్నారో తెలిసికొనుటకు పెద్ద కార్యాలయమక్కరలేదు. ఊరి బడిలో ఒక ఉపాధ్యాయుడు, ఒక తరగతి పిల్లలు పూనుకొన్నచో వారము దినములలో అది సిద్ధమగును.