హైడ్రోజన్ పొలం కాదు, గాదె

ఈ మధ్య ఎక్కడ చూసినా గ్రీన్ హైడ్రోజన్ గోలే. కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్లతో ఒక మిషన్‌కి ఆమోదం ఇచ్చింది. 2030 కల్లా ఏడాదికి 50 లక్షల టన్నులు తయారు చెయ్యాలట. ఇంకేం, బళ్ళలో వ్యాసరచన పోటీలకి సరుకు దొరికింది. "హైడ్రోజన్ భవిష్యత్ ఇంధనం" అని పిల్లలు బట్టీ పడతారు, మార్కులూ వస్తాయి. అదెక్కడిది అనడిగితే "నీళ్ళలోంచి" అంటారు. పాఠం అక్కడితో ఆగిపోతే, నీళ్ళతో నడిచే కారంటూ వాట్సాప్‌లో తిరిగే ప్రతి వీడియోనీ నమ్మేస్తారు.

నేననేది ఒక్కటే. గింజలు పండేది పొలంలో, దాచేది గాదెలో. హైడ్రోజన్ గాదె. ముందు ఈ ముక్క చెప్పాలి.

ఇది చెప్పడానికి మన పాలమూరు వైపు పిల్లలకున్న వీలు హైదరాబాదు పిల్లలకి లేదు. గద్వాల దగ్గర జూరాలలో 39 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో, భూగర్భంలో, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం ఉంది. అక్కడ 150 మెగావాట్లవి ఆరు, రెండు వైపులా తిరిగేలా చేసినవి. కరెంటు కావాలంటే నీళ్ళు కిందికి వదలడం, మిగిలితే పైకి తోడటం. ఇలాంటి పద్ధతిలో తోడటానికి పెట్టిన కరెంటులో మామూలుగా ముప్పావు వంతు తిరిగొస్తుంది.

హైడ్రోజన్ లెక్క ఇంకా కష్టం. కిలోకి నీళ్ళు 9 లీటర్లు చాలు, కరెంటు మాత్రం 50 యూనిట్ల పైనే. దాన్ని ఫ్యూయల్ సెల్‌లో పెడితే వెనక్కొచ్చేది 15-20 యూనిట్లు. మరెందుకీ తంటా? రైతు పిల్లలకి యూరియా బస్తా చూపించండి. యూరియాకి అమ్మోనియా కావాలి, అమ్మోనియాకి హైడ్రోజన్ కావాలి. రామగుండంలో దాన్ని సహజవాయువు నుంచి తీస్తున్నారు. ఎండ కరెంటుతో తీయగలిగితే ఆ గ్యాస్ మిగులుతుంది. కారు కంటే ఈ ఉదాహరణ వాళ్ళకి దగ్గర కదా!

ప్రయోగానికి పెద్ద ఖర్చేం లేదు. 9 వోల్టుల బ్యాటరీ, రెండు పెన్సిల్ ములుకులు, గ్లాసు నీళ్ళు, చెంచాడు వంటసోడా. ఉప్పు మాత్రం వద్దు, క్లోరిన్ వస్తుంది. బుడగలకి నిప్పు పెట్టే సరదా కూడా వద్దు. బ్యాటరీ తీసెయ్యగానే బుడగలు ఆగిపోతాయి. "ఎందుకాగాయి?" అని అడగండి, అసలు పాఠం అదే.

వనపర్తిలో 1959లో మొదలైన పాలిటెక్నిక్ ఉంది. అక్కడి కుర్రాళ్ళు నెలకో శనివారం చుట్టుపక్కల బళ్ళకెళ్ళి ఇది చేసి చూపిస్తే ఎంత బావుంటుంది! మన ఐటీ జనాలం ఊరి బడికి ప్రొజెక్టర్ కొనిచ్చి ఫొటో దిగి వచ్చేస్తాం. ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు ఒక బ్యాటరీ కూడా పట్టుకెళ్దాం. ఏమంటారు?