కొల్లేరు: గీతల్లో ఇమడని నీరు

కృష్ణా, గోదావరి డెల్టాలు ఒండ్రు పోసుకుంటూ సముద్రం వైపు పెరిగితే, నడుమ మిగిలిన పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరుతోపాటు డెల్టా డ్రెయిన్ల మురుగునీరూ దీనిలోకే దిగుతుంది. నీరు బయటపడే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతంలో కలిసే ఈ ఏటికి వాలు చాలా తక్కువ. అందుకే వరద వచ్చినంత వేగంగా పోదు. వేసవిలో సరస్సు ఇంకితే పోటు సమయంలో ఉప్పునీరు పైకి ఎదురెక్కుతుంది.

నీటిమట్టం సముద్రమట్టానికి పది అడుగుల ఎత్తున ఉండే గీత (కాంటూరు) దాకా పెరిగితే కొల్లేరు దాదాపు 900 చదరపు కిలోమీటర్లు, అయిదు అడుగుల దగ్గర 308. ఏటా పెరిగి తరిగే ఈ నీటితోనే ఇక్కడి బతుకు నడిచింది. లంక గ్రామాల్లో ఇళ్లు దిబ్బలెక్కాయి. తాటిదోనె లేనిదే గడప దాటలేని కాలమది. ముంపులో వేట, నీరు తీసిన నేలలో వేసవి వరి. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు భక్తులు పడవలపైనే వచ్చేవారు.

1976లో ప్రభుత్వం మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. కానీ చేపలో లాభం కనిపించాక బయటి పెట్టుబడి దిగింది. లీజు డబ్బు సంఘం సభ్యుడికి, చెరువు మరొకరికి. గట్లు లేచినచోటల్లా నీరు కదలడం మానేసింది. కొల్లేరు చరిత్రలో అసలు మలుపు ఇదే.

అయిదడుగుల కాంటూరు లోపలి ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లను పొక్లెయిన్లతో కొట్టేశారు. ఆ దెబ్బ పెట్టుబడిదారుతోపాటు లంకల్లోని కూలీకీ తగిలింది. అతనికి మరో ఉపాధి చూపకపోవడం పెద్ద లోపం. 2008లో అభయారణ్యం హద్దును మూడడుగుల కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. ఈలోగా చాలాచోట్ల చెరువులు మళ్లీ వెలిశాయి. ఆటపాక దగ్గర చెట్లపై పెలికాన్లు మాత్రం ఇప్పటికీ గూళ్లు కడుతున్నాయి.

2022 ఏప్రిల్ దాకా సరస్సు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య చీలి ఉండేది. నీటికి ఆ హద్దు ఎన్నడూ లేదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద ఈ పల్లానికే దిగింది. ఉప్పుటేరు దాన్ని లాగలేకపోయింది. ఏలూరు–కైకలూరు రోడ్డు మీదుగా నీరు పారింది.