వంద డాలర్ల తర్వాత

అలిపిరి పాదాల మండపం దగ్గర ఏ పొద్దున చూసినా ఫోన్లు పైకి లేచే ఉంటాయి. శ్రీవారి పాదరక్షలు తలకెత్తుకున్నవాళ్లకు ఒక ఫొటో, మెట్టు మెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ ఎక్కే ఆడవాళ్లకు ఒక ఫొటో. ఆ ఫోన్లలో కొన్ని సత్యవేడు దిక్కున మన శ్రీసిటీలో బిగించినవే అయ్యుంటాయి. 2015లో ఫాక్స్‌కాన్ అక్కడ షావోమీ ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. ఆ లైన్లలో పనిచేసేది చాలామటుకు ఆడపిల్లలే.

అయినా టెలికాం రంగంలో తెలుగు మహిళ ఎవరంటే మన పత్రికలకు ఒకే పేరు తడుతుంది: పద్మశ్రీ వారియర్. చెప్పుకోవాల్సిన పేరే. బెజవాడ బిడ్డ. ఢిల్లీ ఐఐటీలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, కార్నెల్‌లో మాస్టర్స్ చేసి, 1984లో మోటరోలాలో చేరారు. 2003లో ఆ కంపెనీకి చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్ (సీటీఓ) అయ్యారు. 2007 చివర్లో అదే హోదాలో సిస్కోకు వెళ్లారు. తర్వాత ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ నియోకు అమెరికాలో సీఈఓగా పనిచేశారు.

మన వ్యాసాలు మాత్రం వంద డాలర్లతో, తిరుగు టికెట్ లేకుండా ఆమె అమెరికాలో దిగిన దగ్గర మొదలై పదవుల పట్టికతో ముగుస్తాయి. మధ్యలో మోటరోలాలో గడిచిన 23 ఏళ్లు ఏమైనట్టు? ఫోన్ల కంపెనీలో కెమికల్ ఇంజనీరుకేం పని అని కూడా ఎవరూ అడగరు. చిప్పు తయారీలో అడుగడుగునా రసాయన శాస్త్రమే. సిలికాన్ పలక మీద వెలుతురు తగిలితే గుణం మారే పూత పూయాలి. అచ్చు పడ్డాక అక్కర్లేని చోట ఆమ్లంతోనో వాయువుతోనో తొలిచెయ్యాలి. కడగాలి, మళ్లీ పూయాలి. ఇట్లా పొర మీద పొర. కీలకమైన చోట ఒక్క నలుసు పడితే చాలు, ఆ చిప్పు చెత్తబుట్టకే. అరిజోనాలో ఆమె మొదట అడుగుపెట్టింది ఇట్లాంటి ఫ్యాక్టరీలోనే.

ఇంకో సంగతి. 2004లో వచ్చిన రేజర్ ఫోను మోటరోలాను ఆకాశానికెత్తింది. 2007లో ఐఫోన్ వచ్చేనాటికి ఆ వెలుగు తగ్గుముఖం పట్టింది. ఈ ఎత్తూ పల్లమూ రెండూ ఆమె సీటీఓగా ఉన్నప్పటివే. అప్పుడేం ఆలోచించారు, ఏది పట్టుకోలేకపోయారు? తప్పుపట్టడానికి కాదు ఈ ప్రశ్న. మగవాడి జీవితచరిత్రలో తప్పకుండా వేసే ప్రశ్నను ఆడమనిషి దగ్గరికొచ్చేసరికి మింగేసి హారతి పళ్లెం అందుకుంటున్నాం. అది గౌరవం కింద లెక్క రాదు.

టెక్నాలజీలో ఆడవాళ్ల దారి బ్రిటన్‌లోనూ నున్నగా ఏం లేదు. 1962లో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన స్టెఫనీ షర్లీ, సొంత పేరుతో రాసిన ఉత్తరాలకు జవాబు రాక 'స్టీవ్' అని సంతకం చేశారు. 1984లో ప్రైవేటుపరమైన బ్రిటిష్ టెలికాంకు, అలిసన్ కిర్క్‌బీ రూపంలో తొలి మహిళా సీఈఓను చూడటానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది.

భండారు అచ్చమాంబ ఎప్పుడో, గత శతాబ్దం మొదట్లోనే, స్త్రీల జీవితాలు గుదిగుచ్చి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చారు. ఆడవాళ్లకూ చరిత్ర ఉందని రుజువు చేయాల్సిన రోజులవి. ఇప్పుడు మనకు కావలసింది పని వివరం. అన్నట్టు, వారియర్ 2019లో పెట్టిన సంస్థ ఫేబుల్, జనం కలిసి పుస్తకాలు చదువుకునే యాప్. సాహిత్య పత్రికలవాళ్లం, మన కంటికి అది కూడా ఆనలేదు.

తిరుపతిలో 1983 నుంచీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ తెలుగు చదివే అమ్మాయిలు ఒక సెలవురోజు శ్రీసిటీ అమ్మాయిల దగ్గర కూర్చుని వినొచ్చు. ఆ ఫ్యాక్టరీ అమ్మాయిలే రాస్తే ఇంకా మేలు. చేతికి కట్టే పట్టీ ఎందుకు, రోజంతా బిగించే మర ఎంతుంటుంది, షిఫ్టు బస్సు ఎన్నింటికి, మొదటి జీతం ఎవరి చేతిలో పెట్టారు, సూపర్‌వైజర్ మాట ఎట్లుంటుంది, అన్నీ రాయండమ్మా. మీ ఊరి మాటలోనే రాయండి. అచ్చుతప్పులు మేం చూసుకుంటాం. పేరు వద్దంటే వేయం.