యాభై ఏండ్లకు తిరిగొచ్చిన జొన్నరొట్టె

జగిత్యాలలో పొద్దుగూకిందంటే రోడ్డు పక్కన జొన్నరొట్టెల పొయ్యిలు అంటుకుంటాయి. పిండిముద్దను అరచేత్తో చరిచి, పెనం మీద వేసి, తడి చెయ్యితో పైన నిమిరి తిరగేస్తున్న ఆమె ముందు నిలబడేవాళ్లలో నడివయసు దాటినవాళ్లే ఎక్కువ. షుగర్ ఉందని, రాత్రిపూట అన్నం మానమని వాళ్లకు డాక్టర్ చెప్పాడు. చిన్నప్పుడు ఇదే జొన్నలు వద్దని, తెల్లన్నం కావాలని ఏడ్చిన తరం అది.

ఆ ఏడుపుకు కారణం ఉంది. ఒకప్పుడు ఈ పల్లెల్లో రోజూ దొరికేది మక్క గటక, జొన్న గటక, నంజుకోను తొక్కు, ఉంటే సల్ల. వరి బువ్వ పండుగకో, చుట్టం వస్తేనో. 1963లో పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేశారు. తర్వాత కాకతీయ కాలువ నీళ్లొచ్చాయి, మెట్ట చేలు వరి మళ్లయ్యాయి. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చారు. పొలాస పరిశోధన స్థానం జగిత్యాల సన్నాలు అనే వరి రకం తెచ్చింది. గటక లేమికి గుర్తుగా మిగిలింది. బిడ్డ కంచంలో తెల్లన్నం పెట్టగలగడం ఆనాటి తల్లిదండ్రులకు గౌరవం. ఆ గౌరవాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు.

తిండి ఎంపిక అప్పటికప్పుడు జరిగేది కాదని, బాల్యం నుంచి మనిషి నడిచొచ్చిన దారంతా అందులో ఉంటుందని 1996లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రాశారు. జగిత్యాల జిల్లా కోరుట్లలో ఆ దారి గల్ఫ్ మీదుగా పోతుంది.

ఇరవై దాటిన పిల్లగాడు అప్పు చేసి దుబాయో, సౌదీయో పోతాడు. క్యాంపు గదిలో వంట వంతులవారీగా. తెల్లారకముందే బస్సెక్కాలి కాబట్టి చాలాసార్లు మైదా ఖుబ్బూస్, పప్పుతో సరి. మిగిల్చిన ప్రతి దిర్హం చెల్లె పెళ్లికి, ఇంటి స్లాబుకు. ఆ వయసులో తిండికి రెండే కొలతలు: చవకగా ఉండాలి, కడుపు నిండాలి. ఊరి నుంచి ఎవరైనా వస్తే చేతికందే తొక్కు డబ్బా, సకినాల మూటే రుచి. సెలవుకొస్తే ఇంటింటా దావత్. నలభై అయిదుకు తిరిగొచ్చేసరికి సూట్‌కేసులో షుగర్ గోలీలు కూడా ఉంటాయి.

మరి ఇంటిదగ్గర అతని ఇల్లాలు? ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఆకు కత్తిరించాలి, పొడి పోసి చుట్టాలి, దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. వేళ్లు ఆగితే కూలి ఆగుతుంది. అందరూ తిన్నాక మిగిలిన అన్నం, ఇంత తొక్కు, చాట పక్కనే రెండు ముద్దలు. సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర పన్నెండు గంటలు నిలబడొచ్చే మగనికి ముందు పెట్టి తాను తర్వాత తినే ఇల్లాలిదీ ఇదే వరస. ఆమె జీవితంలో ఒక్క దశలోనే సర్కారు ఆమె కంచంలోకి చూస్తుంది. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. అక్కడే కూర్చోబెట్టి తినిపించాలన్న నియమం ఎంతో తెలివైనది. ఇంటికిస్తే అది ఎవరి కంచంలోకి పోతుందో ఊళ్లో అందరికీ తెలుసు. బాలింత దశ దాటితే మళ్లీ చివరి వంతే.

షుగర్ ఈ ఇళ్లకే పరిమితం కాదు. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. షుగర్‌కు మేలు చేసే పీచు వంద గ్రాముల జొన్నల్లో పది గ్రాములు, పాలిష్ బియ్యంలో మూడు కూడా లేదు. అయినా అంగన్‌వాడీలో అన్నం, బడిలో అన్నం, 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం. సన్నబియ్యం రావడం మంచిదే, పేదకూ మంచి అన్నం తినే హక్కుంది. కానీ పుట్టిన నాటి నుంచి అన్నమే పెట్టి, యాభైలో మానమనడం న్యాయం కాదు.

2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాల మాట కూడా ఉంది. పక్కనున్న కర్ణాటక రేషన్‌లో రాగులు, జొన్నలు ఇచ్చి చూపింది. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల అంగన్‌వాడీల్లో, బడుల్లో వారానికి రెండు రోజులైనా జొన్న వంటకం పెట్టాలి. రేషన్‌లో అడిగినవాళ్లకు రెండు కిలోల జొన్నలు ఇవ్వాలి, అవి ఇక్కడి రైతుల దగ్గరే కొనాలి. రెండు జిల్లాల కలెక్టర్లు, పౌరసరఫరాల శాఖ వచ్చే బడి సంవత్సరం నుంచే ఈ పని మొదలుపెట్టాలి.